దుప్పటి పగలు ఎక్కడ పెట్టుకోవాలి

మూడేళ్ళ కింద డిసెంబర్‌లో మా అపార్ట్‌మెంట్ వాళ్ళం డబ్బులేసుకుని అరవై దుప్పట్లు కొన్నాం. రాత్రి పదకొండు దాటాక మా బావగారి కార్లో కొన్ని, రెండు బండ్ల మీద కొన్ని పెట్టుకుని సికింద్రాబాద్ స్టేషన్ చుట్టుపక్కల ఫుట్‌పాత్‌ల మీద పడుకున్నవాళ్ళకి, నిద్ర లేపకుండా, పక్కన పెట్టేసి వచ్చాం. ఇంటికొచ్చాక చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపట్టింది నాకు.

సరిగ్గా వారం తిరక్కుండానే ఆఫీస్ నుంచి వస్తూ కూరగాయల కోసం మోండా మార్కెట్ వైపు దిగితే, అక్కడ ఒక పెద్దాయన మేమిచ్చిన దుప్పటే, మెరూన్ రంగు మీద పసుపు గళ్ళు, నాకు బాగా గుర్తు, ఎనభై రూపాయలకి అమ్ముతున్నాడు. ఒళ్ళు మండిపోయింది. దగ్గరికెళ్ళి అడిగేశాను, తాతా ఇది మొన్న మేము పంచిందే కదా అని. ఆయన భయపడలేదు, దబాయించలేదు.

"అవు బిడ్డా, మీరిచ్చిందే. రాత్రి కప్పుకుంటా, మరి పగలు యాడ పెట్టుకోవాలె? ఈడ పెడితే పొద్దుగాల ఊడ్సెటోళ్ళు చెత్తల ఏసుకపోతరు. సంకల పెట్టుకోని అడ్డా మీదికి పోతే ఎవలు పిలుస్తరు కూలికి?"

నాకు సమాధానం లేదు. దుప్పటి ఇచ్చేటప్పుడు మా పద్నాలుగు ఇళ్ళలో ఒక్కరికి కూడా ఆ ప్రశ్న రాలేదు. మనకి ఏ వస్తువు వచ్చినా పెట్టుకోడానికి ఒక అల్మారానో అటకో ఉంటుంది కాబట్టి, ఇల్లు లేకపోవడం అంటే వస్తువు కింద పెట్టే చోటు లేకపోవడం అని తట్టదు. ఆ తర్వాత గమనించడం మొదలుపెట్టాను. ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్ళు చెప్పులు విప్పి పాలిథిన్ కవర్లో చుట్టి తల కింద పెట్టుకుంటారు. అది దిండు కోసం అనుకునేదాన్ని, పొద్దున్నే లేచేసరికి చెప్పులు ఉండాలని అంట. అదే కవర్లో ఆధార్ కార్డు జిరాక్స్, హాస్పిటల్ చీటీ, ఏదైనా ఫోటో ఉంటే ఫోటో. ఒక్క వాన పడితే అన్నీ పోతాయి.

ఆ తాతే చెప్పాడు, ఇల్లులేనివాళ్ళు పడుకోడానికి పెట్టిన షెల్టర్ గురించి. మా ఇంటికి కిలోమీటరున్నర దూరం. పదకొండేళ్ళుగా ఆ వీధి పక్కనుంచే ఆఫీస్‌కి వెళ్తున్నాను, పైన ఉన్న బోర్డు చదివి కూడా ఏదో మున్సిపల్ ఆఫీస్ అనుకుని వదిలేశాను.

మన హైదరాబాద్ సిటీలో ఇలాంటివి ఉన్నాయని చాలామందికి తెలీదు కాబట్టి కొంచెం చెప్తాను. కార్పొరేషన్ జాగా, కరెంటు చూస్తుంది, నడిపేది ఎక్కువగా స్వచ్ఛంద సంస్థలు. వీటి వెనక పెద్ద కథే ఉంది. 2010 జనవరి చలిలో ఢిల్లీలో నైట్ షెల్టర్ల విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, ఆహార హక్కు కేసులోనే, చలికి బయట పడుకున్నవాళ్ళు చనిపోతుంటే చూస్తూ ఊరుకోవడం కుదరదని కోర్టు గట్టిగా పట్టుకున్నాక అది మిగతా పెద్ద నగరాలకీ వచ్చింది. తర్వాత 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్‌లో దీన్ని ఒక పథకంగా పెట్టారు. లక్ష జనాభాకి ఒక షెల్టర్ ఉండాలి, మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలి, ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండాలి అని అందులో రాసి ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారమే గ్రేటర్ హైదరాబాద్ జనాభా 67 లక్షలు. అంటే 67 షెల్టర్లు ఉండాలి. ఆ సంఖ్యకి మనం దగ్గర్లో కూడా లేము. ఉన్నవాటిలో కూడా చాలావాటి పేరు పక్క వీధివాళ్ళకే తెలీదు, నాకు తెలీనట్టే.

అదే 2011లో ఫిబ్రవరి 28 రాత్రి దేశమంతా ఇల్లులేనివాళ్ళని లెక్కపెట్టారు, 17.7 లక్షల మంది అని తేలింది. ఒక్క రాత్రిలో, ఫ్లైఓవర్ల కింద, ప్లాట్‌ఫామ్‌ల మీద, గుళ్ళ మండపాల్లో, పైపుల్లో పడుకున్నవాళ్ళందరినీ ఎంతవరకు లెక్కపెట్టగలరు చెప్పండి. క్యాటరింగ్ పనికెళ్ళి రాత్రి రెండింటికి వచ్చేవాడు ఏ లెక్కలో పడతాడు.

సరే, షెల్టర్ సంగతికొస్తా. మగవాళ్ళ షెల్టర్ అది. పైన ఒక పొడుగు హాలు, ఇనుప మంచాలు, కింద ఒక వంటగది, మూడు బాత్రూమ్‌లు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక బాత్రూమ్ తలుపుకి గడియ లేదు, ఒక కుళాయి ఆగకుండా కారుతోంది. కేర్‌టేకర్ అన్న నలభై ఏళ్ళ మనిషి, ఒకప్పుడు తనూ ప్లాట్‌ఫామ్ మీద పడుకున్నవాడే. దుప్పట్లు తెచ్చారా మేడం అని అడిగాడు, ఆ గొంతులో అలసట వినపడింది. ఎందుకన్నా అంటే తీసుకెళ్ళి స్టోర్ రూమ్ చూపించాడు. నేల నుంచి నా భుజం దాకా దుప్పట్లు. "డిసెంబర్ల అందరొస్తరు మేడం, పంచినాక ఫోటో దిగుతరు, మంచోళ్ళే, నేను తప్పు అనను. కనీ జులైల ఎవలొస్తరు? ఫినాయిల్ అయిపోతది, ట్యూబ్‌లైట్ పోతది, మోటర్ కాలిపోతది."

ఏం కావాలన్నా అంటే ఆయన చెప్పిన లిస్టు నా ఫోన్లో ఇప్పటికీ ఉంది. ఫినాయిల్, బట్టల సబ్బులు, గడ్డం గీసుకునే బ్లేడ్లు, చెప్పులు, లోపలి బట్టలు (పాతవి ఎవరైనా ఇస్తారు, ఇవి మాత్రం కొత్తవి కావాలి, ఎవరూ ఇవ్వరు), గజ్జి తామరకి మందు, ఒక ప్లంబర్. చివర్లో కొంచెం ఆగి అన్నాడు, "లాకర్లు అయితే మస్తు ఉంటది మేడం, కనీ అది పెద్ద ఖర్చు."

నాకు వెంటనే మోండా మార్కెట్ తాత గుర్తొచ్చాడు.

అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో పెడితే మొదట పెద్దగా స్పందన రాలేదు, దుప్పట్లకి ఇచ్చినంత తొందరగా లాకర్‌కి ఎవరూ ఇవ్వరు, అది కళ్ళకి కనపడే సాయం కాదు కదా. మా ఫ్లాట్ కింద ఉండే అంకుల్ రిటైర్డ్ లెక్కల మాస్టారు, ఆయన ఒక్కరే ఫోన్ చేసి ఎంతమ్మా అన్నారు. తర్వాత మాదాపూర్‌లో ఒక ఆఫీస్ ఖాళీ చేస్తుంటే పాత ఇనుప లాకర్లు, పన్నెండు తలుపులవి, రెండు తక్కువకి దొరికాయి, ట్రాలీ ఆటో కిరాయి, తాళాలు అన్నీ కలిపి మేం అరవై దుప్పట్లకి పెట్టినదానికంటే తక్కువే అయ్యింది. ఇరవైనాలుగు తలుపులు. తలుపుల మీద నంబర్లు మా మాస్టారే ఎర్ర పెయింట్‌తో రాశారు.

ఆ రోజు సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. తాళంచెవులు పంచుతుంటే హాల్లో అంత నిశ్శబ్దం ఎప్పుడూ చూళ్ళేదు. ఒక ముప్పై ఏళ్ళ అబ్బాయి, బీహార్ నుంచి వచ్చిన పిల్లాడు, చెవిని మొలతాడుకి కట్టుకుని రెండుసార్లు లాగి చూసుకున్నాడు. తాత, ఆయన్నీ అప్పటికి షెల్టర్‌కి రప్పించాం, 7వ నంబర్ తలుపు తీసి లోపల చెప్పులు పెట్టి మూశాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ మూశాడు. తర్వాత నడుముకి కట్టుకున్న కవర్ విప్పి అందులోంచి ఒక ఫోటో, రెండు మందుల చీటీలు, చేతిగుడ్డలో కట్టిన చిల్లర తీసి ఒక్కొక్కటీ పక్కపక్కన పేర్చాడు. అందులో అంత చోటు ఉంది కాబట్టి పేర్చాడు. ఆ రాత్రి ఆయన తల కింద ఏమీ పెట్టుకోకుండా పడుకున్నాడని కేర్‌టేకర్ అన్న పొద్దున్నే ఫోన్ చేసి మరీ చెప్పాడు.

లాకర్ వచ్చాక కాగితాలు నిలబడ్డాయి. ఇది నేను అస్సలు ఊహించలేదు. అంతకుముందు ఎవరైనా ఆధార్ చేయించినా వానకో దొంగతనానికో పోయేది, మళ్ళీ మొదటికి. గుర్తింపు పొందిన షెల్టర్ హోమ్ అయితే అక్కడి ఇన్‌ఛార్జ్ ఇచ్చే సర్టిఫికెట్‌ని ఆధార్‌కి అడ్రస్ ప్రూఫ్‌గా తీసుకుంటారు, ఇది చాలామందికి తెలీదు. అడ్రస్ ఉంటే బ్యాంక్ ఖాతా, ఖాతా ఉంటే పింఛన్‌కి అప్లికేషన్. కాకపోతే ఆ కాగితాలన్నీ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడానికి పక్కన ఒక మనిషి కావాలి. తాత ఒక్కడే వెళ్తే ఒక కౌంటర్లో నాలుగుసార్లు రేపు రమ్మన్నారు, అయిదోసారి మా మాస్టారు తోడు వెళ్ళి పక్కన కూర్చుంటే అరగంటలో పని అయ్యింది. కాగితాలు అవే, మనిషి అదే. నాకు ఇప్పటికీ దాని మీద కోపం ఉంది. కానీ ఆ కోపంతో పాటు అర్థమైంది ఏంటంటే, మా కాలనీలో రిటైరై ఇంట్లో కూర్చున్న పెద్దవాళ్ళు ఎంతమంది, అప్లికేషన్ నింపడం, ఆఫీసర్‌తో మాట్లాడడం జీవితమంతా చేసినవాళ్ళు, వాళ్ళు నెలకి ఒక పూట వస్తే చాలు.

క్యాటరింగ్ సంగతి చెప్పాలి. షెల్టర్‌లో ఉండే కుర్రాళ్ళలో సగం మంది ఫంక్షన్ హాళ్ళలో వడ్డించడానికి, గిన్నెలు కడగడానికి వెళ్ళేవాళ్ళే. మనం పెళ్ళిళ్ళలో తెల్ల చొక్కా నల్ల ప్యాంటుతో బిర్యానీ వడ్డించేవాళ్ళని చూస్తాం కదా, వాళ్ళలో కొందరు రాత్రి ఒంటిగంటకి పని అయ్యాక పడుకోడానికి చోటు వెతుక్కుంటారు. షెల్టర్ గేటు పదిన్నరకి వేసేసేవాళ్ళు, కేర్‌టేకర్ ఒక్కడే, రాత్రంతా మేలుకుని ఉండలేడు. 24 గంటలు తెరవాలని కాగితం మీద ఉంటే సరిపోదు, తెరిచే మనిషి ఉండాలి. ఇప్పుడు షెల్టర్‌లోనే ఉండే ఇద్దరు వంతులేసుకుని గేటు చూస్తున్నారు, వాళ్ళకి నెలకి కొంత మేము వేసుకుని ఇస్తున్నాం. గేటు పక్కన గోడకి ఒక పంచాంగం క్యాలెండర్ ఉంటుంది, అందులో ముహూర్తం తేదీలన్నిటికీ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి ఉంటాయి. ఆ రాత్రులు రెండు దాటేదాకా గేటు తీసే ఉంటుంది. ఎవరైనా కొత్తవాళ్ళు చూస్తే ఇక్కడ ఎవరి పెళ్ళి అనుకుంటారు.

అదే ఆషాఢం, మూఢం వస్తే ఆ క్యాలెండర్‌లో సున్నాలు ఉండవు. పని ఉండదు. అప్పుడు మధ్యాహ్నం అయిదు రూపాయల భోజనమే దిక్కు. కార్పొరేషన్ ఆ భోజనం 2014లో నాంపల్లి సరాయి దగ్గర మొదలుపెట్టింది, నిజాం కాలంలో ప్రయాణికులు ఉండడానికి కట్టిన సరాయి అది, చేతిలో పైసా లేకుండా ఊరికొచ్చినవాడికి చోటు, ముద్ద ఇవ్వడం మన సిటీకి కొత్త కాదని నాకు అక్కడికెళ్ళినప్పుడల్లా అనిపిస్తుంది. పాతబస్తీలో దబీర్‌పురా ఫ్లైఓవర్ కింద అజహర్ మక్సూసీ గారు 2012 నుంచి ఆకలితో ఉన్నవాళ్ళకి అన్నం పెడుతున్నారు, ఆకలికి మతం లేదు అనే మాటతో. వాళ్ళని చూసి నేను నేర్చుకున్నది ఒక్కటే, ప్రతిరోజూ. పండగకి కాదు, బర్త్‌డేకి కాదు. మా షెల్టర్‌కి మూఢం నెలల్లో బియ్యం, కందిపప్పు ఇస్తే వాళ్ళే వండుకుంటారు, బిర్యానీ ప్యాకెట్ల కంటే అదే బాగుంటుందని వాళ్ళే చెప్పారు, పప్పుచారు పెట్టుకుని తింటే సొంతిల్లు లాగా ఉంటుందంట.

కాలనీవాళ్ళ వ్యతిరేకత గురించి కూడా దాచకుండా చెప్పాలి. షెల్టర్ పెట్టిన కొత్తలో ఆ వీధివాళ్ళు తీసెయ్యమని అర్జీ ఇచ్చారు. అందులో సంతకం చేసినవాళ్ళలో మా చిన్నమ్మ కూడా ఉంది, ఆమె ఇల్లు ఆ వీధి చివరే. తాగుబోతులు తిరుగుతున్నారు, ఆడపిల్లలు ట్యూషన్ నుంచి రావాలంటే భయం అని. ఆ భయం అబద్ధం కాదు, ఆమెతో రెండు సాయంత్రాలు అక్కడ నిలబడ్డాక నాకు తెలిసింది. మలుపులో వీధిలైటు ఎనిమిది నెలలుగా వెలగట్లేదు, ఆ చీకట్లో ఎవరెవరో కూర్చుని తాగుతున్నారు, వాళ్ళు షెల్టర్‌వాళ్ళు కాదు, తాగి వస్తే అక్కడ లోపలికి రానివ్వరు. షెల్టర్‌వాళ్ళకి కూడా అదే చీకటితో భయం, క్యాటరింగ్ కూలీ డబ్బులు జేబులో పెట్టుకుని వస్తుంటే రెండుసార్లు లాక్కున్నారు. ఈసారి అర్జీ రెండు వైపులవాళ్ళూ కలిసి పెట్టారు, చిన్నమ్మ సంతకం కింద తాత వేలిముద్ర. లైటు వచ్చింది. ఇప్పుడు చిన్నమ్మ ఎండాకాలం ఆవకాయ పెట్టేటప్పుడు ఒక జాడీ వాళ్ళకని తీసి పెడుతుంది.

హాస్పిటళ్ళ దగ్గర ఇంకో రకం. ఉస్మానియా, నిలోఫర్, గాంధీ ఏ రాత్రైనా వెళ్ళి చూడండి, ఆదిలాబాద్ నుంచో మహబూబ్‌నగర్ నుంచో పేషెంట్‌తో వచ్చినవాళ్ళు బయట చాపలేసుకుని పడుకుని ఉంటారు. ఊళ్ళో వాళ్ళకి ఇల్లు ఉంది, ఇక్కడ పదిహేను రోజులు మాత్రం లేదు. ఉస్మానియా ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది, 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద వచ్చినప్పుడు దాని కొమ్మల మీదికి ఎక్కి నూట యాభై మంది దాకా బతికారని చెప్తారు. ఆ చెట్టుని గుర్తుచేసుకుంటూ ఏటా సభలు జరుగుతాయి, మంచిదే. ఆ చెట్టుకి దగ్గర్లోనే ఒక అమ్మాయి బాలింత వదినకి తోడొచ్చి మూడు రాత్రులు కూర్చునే నిద్రపోయానని చెప్పింది నాతో. పేషెంట్ తాలూకు వాళ్ళ కోసం కొన్ని హాస్పిటళ్ళ దగ్గర కార్పొరేషన్ షెల్టర్లు ఉన్నాయి, ఆడవాళ్ళకి విడిగా చోటు ఉంటుంది. లోపల ఉన్న వార్డు బాయ్‌కి తెలిసినా, బయట పడుకున్నవాళ్ళకి చెప్పేవాళ్ళు ఉండరు. ఆ దారి చూపించే పని ఎవరైనా చెయ్యొచ్చు, దానికి రూపాయి ఖర్చు లేదు.

ఒక్కటి మాత్రం నాకు నచ్చని సంగతి. 2017 నవంబర్‌లో పెద్ద అంతర్జాతీయ సదస్సు జరిగినప్పుడు సిటీలో రెండు నెలలు అడుక్కోవడం నిషేధం అన్నారు, రోడ్ల మీద ఉన్నవాళ్ళని తీసుకెళ్ళి చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ళ ఆవరణల్లో పెట్టిన ఆశ్రమాలకి చేర్చారు. కొందరికి అక్కడ మంచి వైద్యం, తిండి దొరికి ఉండొచ్చు. కానీ అప్పట్నుంచి షెల్టర్ అంటే పోలీసు వ్యాన్ ఎక్కించి తీసుకుపోయే చోటు అని చాలామంది మనసులో పడిపోయింది. తాతని రమ్మంటే నెల రోజులు రాలేదు, తాళం వేస్తరా బిడ్డా అని అడిగాడు. నేను ఆయనతో రెండు ఆదివారాలు షెల్టర్ బయట అరుగు మీద కూర్చుని టీ తాగాను, గేటులోంచి మనుషులు వస్తూ పోతూ ఉండడం చూశాక మూడో ఆదివారం తనే లేచి లోపలికి నడిచాడు. ఎవరినైనా తీసుకెళ్ళాలనుకుంటే దయచేసి ఇలాగే చెయ్యండి. టైం పడుతుంది, పట్టనివ్వండి.

రోడ్డు మీద ముసలివాళ్ళు ఒంటరిగా కనిపిస్తే 14567కి ఫోన్ చెయ్యొచ్చు, అది పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్, చిన్నపిల్లలైతే 1098. మతిస్థిమితం లేనివాళ్ళు తిరుగుతుంటే వాళ్ళని రక్షణలోకి తీసుకోవడం పోలీసుల బాధ్యత, 2017 మానసిక ఆరోగ్య చట్టంలో స్పష్టంగా ఉంది, స్టేషన్‌లో ఆ మాట మర్యాదగా గుర్తు చెయ్యండి. ఫోన్ చేసి వెళ్ళిపోకుండా వాళ్ళు వచ్చేదాకా పక్కన ఉండండి, నేను ఒకసారి ఉండకుండా వెళ్ళిపోయాను, తిరిగొచ్చేసరికి ఆ పెద్దావిడ అక్కడ లేదు, ఎవరు తీసుకెళ్ళారో ఎటు వెళ్ళిందో ఇప్పటికీ తెలీదు. తార్నాక వైపు వెళ్ళినప్పుడల్లా ఆ బస్టాప్ వైపు చూస్తాను.

ఈ ఆదివారం పొద్దున తొమ్మిదింటికి షెల్టర్‌లో గీజర్ బిగిస్తున్నాం, ప్లంబర్ దొరికాడు, ఎలక్ట్రీషియన్ ఇంకా దొరకలేదు, తెలిసినవాళ్ళెవరైనా ఉంటే కింద రాయండి. చెప్పులు 9, 10 నంబర్లవి కావాలి, చిన్న సైజులు ఇప్పటికే చాలా ఉన్నాయి. మూడో లాకర్ కోసం కూడా చూస్తున్నాం, పదకొండు మంది ఇంకా కవర్ తల కింద పెట్టుకునే పడుకుంటున్నారు. దుప్పట్లు మాత్రం వద్దు, ఈ ఏడాదికి సరిపోను ఉన్నాయి.